ఒక్కపొద్దుల నెల: మెట్ట ఊళ్లలో ఆరు రోజులు

మొదటి రోజు (జూన్ 9, సోమవారం): అనంతపురం, నార్పల వైపు

తెల్లవారుజామున అనంతపురంలో బస్సు దిగేసరికి గాలి ఈడ్చి కొడుతోంది. మృగశిర కార్తె వచ్చి ఒక్క రోజైంది. 2025లో రుతుపవనాలు మే నెలాఖరుకే రాయలసీమను తాకాయి. నాలుగు వానలు పడ్డాయి. ఆ తర్వాత మబ్బులు రావడం పోవడమే తప్ప గట్టి వాన లేదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు రైతులు ఆకాశం వంక చూస్తూ మాట్లాడుకుంటున్నారు. మేం టీ తాగి లేచేదాకా వాళ్లకు వేరే మాటే రాలేదు.

నాతో ఉన్నది నా స్నేహితురాలు. పోషకాహారం చదువుకుంది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏం తింటున్నారో రాసుకోవడం ఆమె పని. నేను చాలా ఏళ్లుగా వ్యవసాయం గురించి రాస్తున్నాను. పంట, ధర, అప్పు, వాన, ఇవన్నీ రాశాను కానీ పండించేవాళ్ల కంచంలో ఏముందో మాత్రం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆ లోటు నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది. అందుకే ఈసారి ఆమె వెంట బయల్దేరాను. నాలుగు రోజులు అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో, రెండు రోజులు జహీరాబాద్ వైపు. మేం ఇళ్లలో కూర్చుని మాట్లాడిన ఊళ్ల పేర్లు రాయడం లేదు. అప్పు సంగతైనా నలుగురిలో చెప్పుకుంటారు గానీ, తిండికి తక్కువైందని చెప్పుకోరు. నమ్మి చెప్పినవాళ్ల గుట్టు నా దగ్గరే ఉండాలి.

కావాలనే ఈ నెల ఎంచుకున్నాం. రోహిణి నుంచి ఆరుద్ర దాకా మెట్ట రైతు ఇంట్లో పాతవి అయిపోయి ఉంటాయి, కొత్తవి ఇంకా భూమిలో కూడా పడి ఉండవు. చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ విత్తనానికి, దుక్కికి, ఎరువుకు పోతాయి. పిల్లల బడి ఫీజులూ అప్పుడే. ఇంటి ఖర్చుల్లో అడగకుండా తగ్గించగలిగేది ఒక్క తిండే.

పొద్దున్నే నార్పల మండలంలో ఉపాధి పని జరిగే చోటికి వెళ్లాం. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఈ మండలంలోని బండ్లపల్లిలోనే. ఎండ ముదరకముందే పని తెమల్చుకుని, ఆడవాళ్లంతా చింతచెట్టు కింద సద్ది విప్పుకున్నారు. నా స్నేహితురాలు అడిగి అందరి గిన్నెలూ చూసింది. అన్నం, చింతపండు గొజ్జు, పక్కన ఉల్లిపాయ ముక్క. ఇంకో గిన్నెలో అన్నం, పచ్చిమిరపకాయ కారం. ఆరు గిన్నెలు చూస్తే ఒక్కదాంట్లో మాత్రం పప్పు. ఆ పప్పు తెచ్చుకున్నామె అందరి గిన్నెల్లోకీ తలా ఒక గరిటె వేసింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు.

2025లో కాగితం మీద కూలి రోజుకు 307 రూపాయలు. తవ్విన కొలతను బట్టి చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ, అదీ వారాల తర్వాత. తిండి రోజూ కావాలి, కూలి రోజూ రాదు. ఈ రెంటి మధ్యా ఊరి అంగట్లో ఖాతా నడుస్తుంది.

నా స్నేహితురాలి దగ్గర ఎనిమిది ప్రశ్నలున్న కాగితం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసినవి. గత పన్నెండు నెలల్లో తిండికి చాలదేమోనని దిగులు పడ్డారా అన్న దగ్గర మొదలై, తక్కువ రకాలతో సరిపెట్టుకున్నారా, పూట మానుకున్నారా, ఆకలితో పడుకున్నారా, రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా అన్న దాకా పోతాయి. మొదటి ప్రశ్న వినగానే ఒక పెద్దామె నవ్వింది. "దిగులు పడని నాడు ఏదో నువ్వే చెప్పమ్మా, రాసుకుందువు" అంది. మిగిలిన ప్రశ్నలకు మాత్రం అందరూ ఒకే జవాబు: "తిన్నాంలే. యాదో ఒకటి తిన్నాం."

రాత్రి లాడ్జి గదిలో కూర్చుని లెక్క వేశాను. రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. రోజుకు 166 గ్రాములు. 1877లో, జనం ఈనాటికీ ధాత కరువు అని చెప్పుకునే ఆ కరువులో, రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని కూలి తగ్గించాడు. పౌను అంటే 450 గ్రాములు. అది మనిషిని నిలబెట్టదని అప్పుడే డాక్టర్లు మొత్తుకున్నారు. ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ ఒకే తూకంలో పెట్టకూడదు. ఇప్పుడు బియ్యం కరువు లేదు, రేషన్ రాకపోతే ఈ ఊళ్లు ఏమయ్యేవో ఊహించుకోలేను. కానీ మట్టి పని చేసే ఒంటికి ఎంత కావాలన్న ప్రశ్న ఈ నేల మీద అంత పాతది.

రెండో రోజు (జూన్ 10, మంగళవారం): రామగిరి వైపు ఒక పల్లె

ఈ రోజు మొత్తం ఒకే ఇంట్లో గడిచింది.

ఐదుగురున్న ఇల్లు. మొగుడూ పెళ్లాం, అత్త, ఇద్దరు పిల్లలు. నాలుగెకరాల ఎర్రనేల, బోరు లేదు. మేం వెళ్లేసరికి ఇంటామె, వాళ్లత్త వసారాలో కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నారు. విత్తనానికి తెచ్చిన కాయలు. ఒక పక్క మూటలు, ఒక పక్క చాట, మధ్యలో పొట్టు కుప్ప. మేమూ కూర్చుని వలవడం మొదలుపెట్టాం. అలా చేతుల్లో పని ఉంటేనే మాటలు సాగుతాయి.

వలిచే పద్ధతి చూడాల్సిందే. కాయ మొనను బొటనవేలితో నొక్కితే టప్పున విచ్చుకోవాలి. పప్పు మీది ఎర్రపొర చెదరకూడదు. పొర చెదిరినా, రెండు బద్దలైనా అది మొలవదు. మంచి పప్పు చాటలోకి, పగిలింది పక్కనున్న చిన్న గిన్నెలోకి. నాకు అలవాటు లేక పది కాయలకు రెండు పగలగొడుతున్నాను. ఆ ఇంటి చిన్నపిల్ల, ఏడేళ్లుంటాయి, నా పక్కకే జరిగి కూర్చుంది. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. పగిలినవి తినొచ్చు. మంచివి ముట్టుకుంటే నాయనమ్మ చెయ్యి మీద కొడుతుంది. నేను పగలగొట్టే కొద్దీ ఆ పిల్లకు పండుగ. ఆ తర్వాత ఇంకో నాలుగు పప్పులు కావాలనే గట్టిగా నొక్కాను. వాళ్లమ్మ చూసింది, ఏమీ అనలేదు.

ఇంటి నిండా తిండిగింజ ఉంది, తినడానికి మాత్రం లేదు. విత్తనం మూటను తిన్న రైతు మళ్లీ లేవడని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆ పగిలిన గిన్నెలోదే మధ్యాహ్నానికి ఊరిబిండి అయింది. వేయించిన పప్పులు, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు రోట్లో వేసి నూరారు. అన్నంలోకి అదే కూర.

నా స్నేహితురాలు నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో పడినవన్నీ చెప్పమని అడుగుతుంది. తిండిని పది రకాలుగా విడదీసి చూస్తారు. ధాన్యం ఒకటి, పప్పులు ఒకటి, శెనక్కాయ, నువ్వుల లాంటి గింజలు ఒకటి, పాలు, మాంసం చేపలు, గుడ్లు, ఆకుకూరలు, విటమిన్ ఎ ఉన్న పండ్లు కూరలు, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. ఒక స్త్రీ ఆ పదిలో కనీసం ఐదు తిని ఉండాలి. అత్తగారికి అడిగితే మూడు వచ్చాయి. అన్నం, టమాటా గొజ్జు, కాస్త మజ్జిగ.

తర్వాత ఇంటామెను అడిగింది. "నిన్న ఏమేం తిన్నావక్కా?"

"నిన్న సోమవారం కదమ్మా. ఒక్కపొద్దు."

"సాయంత్రం ఏం తిన్నావు?"

"ఇంత అన్నం. పాలుంటే పాలు, లేకుంటే నీళ్లు పోసుకుని తింటా."

"వారం వారం ఉంటావా?"

"శనివారం ఉంటా. సోమవారం, గురువారం కూడా."

అప్పుడు అత్తగారు వలుస్తున్న చెయ్యి ఆపింది. "శనివారం దీని పెళ్లయినకాడ్నుంచి ఉండాది, ఎంకన్నసామి పేరు చెప్పుకుని. ఈ సోమారం, గురువారం మటుకు మొన్న ఎండాకాలంలో పట్టింది" అంది. కోడలు తలెత్తలేదు. "దేవుడి పని అత్తా. ఊరికే ఉండు" అని మెల్లగా అంది.

నా స్నేహితురాలి పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఎనిమిది ప్రశ్నల్లో చివరిది "రోజంతా తినకుండా ఉన్నారా, డబ్బు లేక?" అని. ఆమె "లేదు" అని ఎప్పుడో చెప్పేసింది. అది అబద్ధం కూడా కాదు. దేవుడి పేరున ఉంది కాబట్టి అది ఆకలి కాదు. పిల్లల ముందు, ఇరుగుపొరుగు ముందు, తన ముందు తనకే అది ఆకలి కాకుండా పోయింది. మా అమ్మమ్మ కూడా వారానికి మూడు ఒక్కపొద్దులు ఉండేది. భక్తి అనుకునేవాళ్లం. ఈ వసారాలో కూర్చుని ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె ఏ నెలల్లో ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాం. వడ్డన చూశాను. ముందు పిల్లలు, తర్వాత ఆయన, మేము, తర్వాత అత్త. అందరూ లేచాక ఇంటామె గిన్నె అడుగు గరిటెతో గీకే చప్పుడు వినిపించింది. కూర గిన్నెలో నీళ్లు పోసి, తిప్పి, అదే అన్నంలోకి ఒంపుకుంది. ఆ పూట ఇద్దరు మనుషులం ఎక్కువయ్యామన్న సంగతి నాకు అప్పుడు గుచ్చుకుంది. తెల్లారి లేవగానే ఊరి అంగట్లో కందిపప్పు, బెల్లం, నూనె తెచ్చి వంటింట్లో పెట్టాం. "ఎందుకమ్మా ఇవన్నీ" అని నాలుగుసార్లు అంది.

మూడో రోజు (జూన్ 11, బుధవారం): కదిరి వైపు, ఏరువాక పున్నమి

పండుగ రోజు. కదిరి దాటి ఒక ఊళ్లోకి పోయేసరికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తున్నారు. ఊరంతటికీ మూడు జతలే ఉన్నాయట. మిగతావి ట్రాక్టర్లు. వాటికీ పసుపూ కుంకుమా పెట్టి దండలు వేశారు. ఒక జత యజమాని ముసలాయన. ఎద్దులకు ముందు ఓళిగలు పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో అందరికీ పెట్టించాడు. మాకూ రెండేసి, నెయ్యి వేసి. పప్పు, గుమ్మడికాయ కూర, వంకాయ, పెరుగు. పది రకాల్లో ఐదు నిండాయి. కానీ పండుగ పూటను బట్టి మామూలు తిండిని లెక్కగట్టకూడదని నా స్నేహితురాలు కాగితం సంచిలోంచి తీయలేదు.

ఆ ముసలాయనతో వేపచెట్టు కింద మూడు గంటలు కూర్చున్నాం. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన చిన్నప్పుడు చేలో ఒక్క పంట ఉండేది కాదు. కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె. వాటి మధ్య సాళ్లల్లో కంది, అలసంద, పెసర, అనుము. గట్టున ఆముదం. వాన ఎంత తక్కువ పడ్డా వాటిలో రెండో మూడో చేతికొచ్చేవి. అనంతపురం నేలకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి సముద్రం దూరమై తేలిపోతాయి. అలాంటి నేల మీద తిండిని ఒకే పంట మీద పెట్టకూడదని పెద్దలకు తెలుసు. అదంతా పోయి నేలంతా శెనక్కాయ అయింది. చేతికి ఒకేసారి డబ్బు కనపడింది. పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టారు. ఆయన దాన్ని తప్పుపట్టలేదు. "డబ్బు రుచి తెలిసినాక కొర్రలెవడు ఏస్తాడమ్మా" అన్నాడు. "మొదట్లో శెనక్కాయల్లో కంది సాళ్లు ఉండె. పోను పోను అవీ తీసేసిరి. అప్పుడు పప్పు అంగట్లోకి పోయింది."

పప్పు అంగట్లోకి పోయింది. ఆ మాట నేను వెంటనే రాసుకున్నాను.

కొర్రలు పోవడానికి ఇంకో కారణం ఆయన భార్య చెప్పింది. కొర్ర పైపొట్టు గట్టిది. రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. పొద్దంతా కలుపు తీసి వచ్చి, రాత్రి దంచితే గానీ తెల్లారి బువ్వ లేదు. "నా చేతులు చూడు" అని అరచేతులు చాపింది. రెండు అరచేతుల్లోనూ వేళ్ల మొదట్లో కాయలు, ఇన్నేళ్లయినా కరగలేదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మొదట ఊపిరి పీల్చుకున్నది ఈ చేతులే. చిరుధాన్యాలు మానేసి తప్పు చేశారని పట్నంలో కూర్చుని ఆడవాళ్లకు చెప్పేవాళ్లు ఒకసారి ఆ అరచేతులు చూడాలి. దంచే పని ఆడవాళ్ల నడుముల మీదే ఉన్నంతకాలం కొర్రలు తిరిగి రావు. పొట్టు తీసే మర ఊరి దగ్గర్లో ఉంటే వస్తాయి. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో తింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు రైతుల సహకార సంఘంతో చేస్తున్న పని ఆ దారిలోదే. రైతుల దగ్గర చిరుధాన్యాలు కొని, మరపట్టి అమ్ముతున్నారు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే అక్కడ మొదలు రైతు, తర్వాతే పట్నం కొనుగోలుదారు.

సాయంత్రం ఆమె రాగి సంగటి కెలికింది. నూక మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డుతో గుంత చేసి, మూత పెట్టి మగ్గనిచ్చింది. తర్వాత గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పింది. ఉండ కట్టకుండా కలపడం ఒంట్లో బలమున్నవాళ్ల పని. తడి చేత్తో ముద్ద చేసి, నున్నగా తిప్పి కంచంలో పెట్టింది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో పది కూడా కష్టం. ఆమెకు ఆ లెక్క అక్కర్లేదు. "ముద్ద తింటే పొద్దు వాలేదాకా కడుపులో ఉంటాది. బియ్యం బువ్వ చేనుకాడికి పోయేలోపలే అరిగిపోతాది" అంది.

ఆ ఇంట్లో ఒక బర్రె కూడా ఉంది. పొద్దున నాలుగు లీటర్లు, సాయంత్రం మూడు. వెన్న శాతం చూసి డబ్బులిచ్చే పాలకేంద్రానికి రెండు పూటలా పోతాయి. మనవడికి గ్లాసెడు తీసి ఉంచుతారు. కోడలు నాలుగో నెల గర్భిణి. ఆమెకు తీస్తున్నారా అని అడిగాను. అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అంగన్‌వాడీలో ఇస్తారు కదమ్మా" అంది అత్త. ఇస్తారు, నిజమే. బర్రె ఉన్న ఇంట్లో గర్భిణి పాల కోసం అంగన్‌వాడీ దాకా పోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ సంఖ్య నేను ఎన్నోసార్లు రాశాను. ఈ పాలక్యాను మీద మూత బిగిస్తున్న చప్పుడు దానికి ఎప్పుడూ జతకాలేదు.

నాలుగో రోజు (జూన్ 12, గురువారం): బడి తెరిచిన రోజు

వేసవి సెలవులు ఏప్రిల్ 24న ఇస్తే ఈ రోజు తెరిచారు. నలభై తొమ్మిది రోజులు. అంటే నలభై తొమ్మిది రోజులు మధ్యాహ్న భోజనం లేదు, రాగి జావ లేదు, గుడ్డు లేదు. ఇళ్లలో గింజ అడుక్కి చేరే రోజులూ సరిగ్గా అవే. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని నేను ఇంతకుముందు ఆలోచించలేదు.

ఊరి బడిలో పదకొండింటికే పిల్లలు వంటగది వైపు చూస్తున్నారు. భోజనాల దగ్గర ఒక పిల్లవాడు గుడ్డును వెంటనే తినలేదు. అన్నమంతా తిన్నాక తెల్లసొన మెల్లగా ఒలిచి తిని, పచ్చసొన జేబులో పెట్టుకోబోయాడు. వంటామె చూసి, "చెల్లెలికా? నువ్వు తిను, దానికి నేనిస్తాలే" అని పళ్లెంలో పెట్టించింది. ఆ చెల్లెలికి ఇంకా బడి ఈడు రాలేదు.

మధ్యాహ్నం ధర్మవరం చేరుకుని రాత్రి హైదరాబాద్ రైలెక్కాం. నిద్ర పట్టలేదు. గురువారం కదా, ఆ రామగిరి వైపు అక్క ఈ పూట ఏం తిని ఉంటుందో అన్నదే మనసులో తిరిగింది.

ఐదో రోజు (జూన్ 13, శుక్రవారం): జహీరాబాద్ మండలంలో

ఇక్కడి నేల కూడా ఎర్రదే, కానీ తేమ ఎక్కువ. దారి పొడవునా చెరుకు, అల్లం, అక్కడక్కడా పత్తి. మేం వెళ్లిన ఇంట్లో నలుగురు. రెండెకరాల కౌలు భూమిలో పత్తి వేశారు, ఇంకా మొలకలే.

ఇంట్లోకి అడుగుపెట్టగానే గోడవారగా బియ్యం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఈ జూన్‌లో వానాకాలం ముందని మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. నలుగురికి 72 కిలోలు. గది సగం నిండింది. ఇంటామె సంచి మీద చెయ్యి వేసి, "మంచిగున్నయమ్మా బియ్యం. దొడ్డుబియ్యం లెక్క గాదు, పిల్లలు కూడ తింటున్నరు" అంది. ఆమె ముఖంలో ఉన్న నిమ్మళం నిజమైనది. ఆ నిమ్మళం విలువ తెలియనివాళ్లే ఉచిత బియ్యం గురించి తేలిగ్గా మాట్లాడతారు.

పొయ్యి మీద పచ్చిపులుసుకు చింతపండు నానుతోంది. పప్పు డబ్బా అడిగి చూశాం. అడుగున రెండు పిడికిళ్ల కందిపప్పు. అది ఆదివారం కోసమట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక పెద్ద మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు చెబుతుంది. నలుగురు పెద్దవాళ్లకైతే నెలకు పది కిలోలు. ఈ ఇంట్లో నెలకు కిలో, ఎక్కువైతే కిలోన్నర. డెబ్బై రెండు కిలోల బియ్యం పక్కన రెండు పిడికిళ్ల పప్పు. ఈ కాలపు లేమి అలా ఉంటుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, నడిస్తే కళ్లు తిరుగుతాయి.

"కూరాకు ఏదన్నా తెంపుకొస్తరా చెలకల నుంచి?" అని నా స్నేహితురాలు అడిగింది.

పక్కింటి అవ్వ అందుకుంది. "ఎందుకు తెంపమమ్మా! దొగ్గలికూర, గునుగాకు, చెంచలికూర, తుమ్మికూర... వాన పడ్డదంటే కొనేదే లేకుండె. జొన్నచేన్ల కలుపుకు పోతే ఒడిల కూర తెచ్చుకుంటుంటిమి. ఇప్పుడు మందు గొడుతున్నరు గద. గడ్డితోని పాటు కూర గూడ మాడిపాయె."

కలుపు మందు వల్ల కూలి మిగిలిందని రైతు లెక్క. కలుపు తీసే కూలి పోయింది, కూలితో పాటు ఒడిలోకి వచ్చే ఆకుకూర పోయింది. రెండూ పోయింది ఒకే ఆడమనిషికి. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు, ఎందుకంటే ఆ కూరకు ఎప్పుడూ ధర లేదు. అవ్వ మమ్మల్ని పెరటి వెనక్కి తీసుకెళ్లి, మందు పడని గట్టు మీద గునుగాకు లేతవి గిల్లి చూపించింది. ఆ సాయంత్రం అదే వండింది, వెల్లుల్లి వేసి. జొన్నరొట్టెతో తిన్నాం. నాలుగు రోజుల తర్వాత నా నోటికి తగిలిన మొదటి ఆకుకూర అది. మేమే ఇలా ఉంటే వాళ్ల సంగతేంటి.

ఆరో రోజు (జూన్ 14, శనివారం): పస్తాపూర్

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ జహీరాబాద్ పక్కనున్న ఈ ఊళ్లో 1983 నుంచి పని చేస్తోంది. దాన్ని నిలబెట్టిన పి.వి. సతీష్ 2023లో చనిపోయారు. ఆ సంస్థ కింద ఊరూరా ఉన్న సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు, ఒకే చేలో పదీ పదిహేను రకాలు కలిపి విత్తుతారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతూ పాతపంటల జాతర చేస్తారు.

ఒక సంఘం పెద్దమ్మ మట్టికుండలు, వెదురుబుట్టలు దింపి విత్తనాలు చూపించింది. ప్రతి బుట్టలో బూడిద, వేపాకు. తైదలు (రాగులు), సామలు, కొర్రలు, తెల్ల జొన్న, పచ్చ జొన్న, ఎర్ర కంది, తెల్ల కంది. ఇచ్చినప్పుడు ఒక మానెడు ఇస్తే పంట వచ్చాక రెండు మానెలు తిరిగి కొలవాలి. డబ్బు మాట లేదు.

నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలని ఉన్నది గింజల నిధి గురించి. 1990ల మధ్యలో ఈ సంఘాలు పడావు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చుకోవడానికి రైతులకు అప్పు ఇచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి కట్టించుకున్నాయి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, వానాకాలం మొదట్లో, ఇళ్లలో గింజలు లేని నెలల్లో, పేదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరికి ముందు ఇవ్వాలో ఆఫీసు కాగితం చూసి కాదు, ఊరి ఆడవాళ్లే కూర్చుని తేల్చారు.

"ఎట్ల తేల్చిండ్రు పెద్దమ్మా? ఎవరిని అడిగినా తిన్నమనే చెప్తరు గద" అన్నాను.

ఆమె నా వంక కాసేపు చూసింది. "అడిగితే ఎట్ల తెలుస్తది బిడ్డా? అడగొద్దు. పొద్దుగూకినంక ఆ ఇంట్ల పొయ్యి ఎన్నిసార్లు ముట్టిస్తున్నరో చూడాలె. ఆమె కూలికి ఉత్తచేతులతోని వస్తున్నదా, సద్ది గట్టుకొని వస్తున్నదా చూడాలె. బాలింత రొట్టె తింటున్నదా, గంజి తాగుతున్నదా చూడాలె. ఊర్ల ఆడోళ్లకు ఇవన్నీ ఎరుకే. ఊకె ఎవ్వరు అడగలే మమ్ముల."

నా స్నేహితురాలు తన కాగితం వెనక ఈ మాటలన్నీ తెలుగులోనే రాసుకుంది. మామూలుగా ఆమె ఇంగ్లీషులో రాస్తుంది.

సాయంత్రం జహీరాబాద్ బస్టాండులో ఉండగా రామగిరి వైపు అక్క నంబరుకు ఫోన్ చేశాను. వెనక పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

"మొన్న రాత్రి వాన పడిందమ్మా, మంచి పదును. నిన్న, ఈ పొద్దు ఇత్తనం ఏసినాం. రేపు ఇంగో ఎకరా. పక్క చేన్లో కూడా కూలికి పిలిచినారు."

"విత్తనం సరిపోయిందా అక్కా?"

"సరిపోయి రెండు పడులు మిగిలె. పిల్లోళ్లకు వేయించి పెట్టినా. చిన్నది మీ పేరే చెప్తాంది, పగలగొట్టే అక్క ఎప్పుడొస్తాదని."

"నువ్వు తిన్నావా?"

"ఈ పొద్దు శనివారం కదమ్మా. దీపం పెట్టినాక తింటా." కాస్త ఆగింది. తర్వాత అత్త వినకుండా పక్కకు వచ్చినట్టుంది, గొంతు దగ్గరగా వినిపించింది. "సోమవారం మటుకు ఇంగ ఉండనులే. చేన్లో పనుంది."